మా మామ టోపీ బండి

మొన్న కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు ముందు బరాత్ బండి చూశాను. పాతకాలపు గొప్పోళ్ల కారు వేషం వేసుకున్న కొత్త జీపు అది. ఒళ్లంతా రేకుకు బదులు ఏదో ప్లాస్టిక్, ముందు రెండు పెద్ద దీపాలు, వాటిలో వెలుగు లేదు. పెళ్లికొడుకు దాని మీద చెయ్యి వేసి ఫొటో దిగుతుంటే, పక్కనున్న మా చెల్లెలు "అసొంటిది మీ అత్తగారింట్ల ఉండె గదా అక్కా" అన్నది. అసొంటిది కాదు తల్లీ, అసలుదే ఉండేది అన్నాను. ఇక నా నోరు ఆగలేదు. తిరుగు బస్సులో పక్క సీటావిడకు కూడా మొదలుపెట్టాను. ఆమె నిద్రపోయింది కనుక మీకు చెప్తున్నాను.

నేను కామారెడ్డి పిల్లను. డెబ్బైల చివర్లో ఎల్లారెడ్డి దగ్గరి ఒక పల్లెకు కోడలినై వెళ్లాను. అత్తగారింటి ముందు రెండు కొట్టాలు ఉండేవి. ఒకదానిలో ఎడ్లు, రెండోదానిలో కారు. పెంకుల కప్పు కారుకు, గడ్డి కప్పు ఎడ్లకు. దీన్నిబట్టే ఆ ఇంట్లో ఎవరి మర్యాద ఎంతో నాకు మొదటిరోజే అర్థమైంది. అది పెద్ద యుద్ధానికి ముందు ఇంగ్లండులో తయారైన కారు. ముదురాకుపచ్చ రంగు, బోనం కుండలంత దీపాలు, పొడుగాటి ముక్కు, లోపల తోలు సీట్లు, పైన విప్పి వెనక్కి మడిచే బట్ట కప్పు. కంపెనీ పేరు పలకడానికి ఊళ్లో ఎవరికీ నోరు తిరిగేది కాదు. టోపీ తీసినట్టు కప్పు తీస్తారని అందరూ టోపీ బండి అనేవాళ్లు. మా మామ పడుచుతనంలో ఒక దొర దగ్గర ఆ బండికి డ్రైవరు. దొర ఊళ్లోని తన కోటలాంటి గడి వదిలి హైదరాబాదు పోతూ "పెట్రోలు తాగే ఏనుగు ఇది, నువ్వే సాదుకో" అని ఆయనకే ఇచ్చిపోయాడట.

మామ సాదాడు. కన్నకొడుకును, అంటే మా ఆయనను, అంత శ్రద్ధగా సాదలేదని అత్త అనేది. చక్రాలు ఒకేచోట నేలకు ఆనుకుని అణిగిపోకుండా ఇరుసుల కింద మొద్దులు పెట్టేవాడు. ఎలుకలు తోలు కొరకకుండా సీట్ల కింద వేపాకు పరిచేవాడు. అత్త కుట్టిన మంచి బొంత కారు మీద ఉండేది, చిరుగుల బొంత మనుషుల మీద ఉండేది. బండిని బయటికి తీసేది మాత్రం ఏడాదికి ఒక్కసారే, దసరా రోజు. మా దిక్కు దసరా సాయంత్రం ఊరి బయటికి వెళ్లి పాలపిట్టను చూసి, జమ్మి ఆకు తెచ్చి బంగారమని పంచుకుంటారు. పిట్ట కనబడితే ఏడాదంతా మంచి జరుగుతుందని నమ్మకం. ఊరంతా నడిచి వెళ్తే మామ తన బండి కప్పు మడిచి, అత్తను ముందు సీట్లో, మమ్మల్ని వెనక కూర్చోబెట్టుకుని నాగిరెడ్డిపేట తొవ్వ పట్టేవాడు. "పైన కప్పుంటె పిట్టెట్ల కనబడ్తది బిడ్డా? ఇంగ్లీషోళ్లు గీ బండి చేసిందే పాలపిట్టను చూడనీకె" అని నాతో అన్నాడు. కొన్నాళ్లు నమ్మాను కూడా.

ఎనభైల్లో ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. మా బావి అడుగంటింది. పోచారం ప్రాజెక్టు కాలువ నీళ్లు మా పొలం దాకా రావు. ఆ ఇంటి వ్యవసాయమంతా అత్త చేతుల మీదే నడిచేది. బోరు వేయకపోతే యాసంగి పంటకు నాటు లేదు, నాటు లేకపోతే పొలం తెగనమ్ముకోవడమే. బోరు కోసం అమ్మదగ్గది ఇంట్లో ఒక్కటే ఉంది, అది కొట్టంలో బొంత కప్పుకుని పడుకుంది. సరిగ్గా అప్పుడే పాత కార్లు కొనే బొంబాయి సేటు ఒకడు ఎవరో చెప్తే విని కామారెడ్డి స్టేషన్‌లో దిగి మా ఊరు వచ్చాడు. బొంత తీయగానే చెప్పులు విడిచాడు. ఇంత చెడకుండా ఉన్న బండిని దేశంలో ఇంకెక్కడా చూడలేదన్నాడు. మామ ఉర్దూలో మర్యాదగా మాట్లాడాడు, చాయ్ తాగించాడు, చివరికి ఒక మాట ఇచ్చాడు. ఎప్పటిలా దసరాకు బండి తీస్తాడు. పాలపిట్ట కనబడితే బండి ఇంట్లోనే ఉంటుంది. కనబడకపోతే తెల్లారి సేటు తోలుకుపోవచ్చు. పిట్టకూ కారుకూ సంబంధమేమిటో సేటుకు అర్థం కాలేదు. అయినా పండుగ వెళ్లేదాకా కామారెడ్డి లాడ్జిలో ఉంటానని వెళ్లాడు.

అత్త మాత్రం భగ్గుమన్నది. "నా ఎవుసాన్ని తీస్కపోయి పిట్ట ముక్కుకు కడ్తవా?" అని ఒక్కమాట అని, ఆయనతో మాటలు బంద్ చేసింది. అప్పటినుంచి నేనే పోస్టాఫీసును. "మీ మామను బువ్వ తినమను" అనేది అత్త. "ఆకలైతలేదని మీ అత్తకు చెప్పు" అనేవాడు మామ. ఇద్దరూ కూర్చునేది ఒకే అరుగు మీద.

దసరా రోజు మామ మొద్దులు తీసి, బండి తుడిచి, బొట్లు పెట్టి, తెల్ల రుమాలు చుట్టుకున్నాడు. అత్త ముందు సీట్లో కూర్చున్నది కానీ మొహం పొలాల వైపు తిప్పుకున్నది. ఆ పొలాల్లో పచ్చదనమనేదే లేదు. నేను వెనక కూర్చుని ఏ పిట్టా రావద్దని మొక్కుకున్నాను. పిట్ట కనబడాలని ఊరంతా మొక్కే రోజున అట్లా మొక్కింది బహుశా నేనొక్కదాన్నే. బండి ఎడ్లబండి నడకన పోతున్నది. చాలా దూరం వెళ్లాం. కాకులు, గోరింకలు తప్ప ఏమీ లేవు. పొద్దు వాలుతుంటే మామ "ఇగ లేదు, మర్లిపోదాం" అన్నాడు.

అప్పుడే అత్త చెయ్యి లేపింది. "ఆపు. అగో, తీగ మీద కూసున్నది." అన్ని రోజుల తర్వాత ఆయనతో ఆమె ఆడిన మొదటి మాట అది. నిజమే, మా ముందే టెలిఫోను తీగ మీద పాలపిట్ట ఉంది. పొట్టిమెడ ముడుచుకుని మావైపే చూస్తున్నది. మామ బండి ఆపి "ఏది?" అన్నాడు. ఆటలాడుతున్నాడనుకున్నాను. అత్త ఆయన గదువ పట్టుకుని, పసిపిల్లల మొహం తిప్పినట్టు, పిట్ట వైపు తిప్పింది. ఆయన చాలాసేపు చూశాడు. పిట్ట ఎగిరింది, రెక్కల నీలం మెరిసింది, మేమంతా దండం పెట్టుకున్నాం. ఆయన దండం పెట్టేసరికి తీగ మీద ఏమీ లేదు.

ఆ సాయంత్రం వంటింట్లో నాకు కోపం ఆగలేదు. "నువ్వు ఊకుంటె అయిపోతుండె గదా అత్తా, బోరు పడుతుండె గదా" అన్నాను. ఆమె పొయ్యి ఎగదోస్తూ, "చూసిన పిట్టను లేదంటనా? అబద్ధం మీద బోరేస్తె నీళ్లు పడ్తయా బిడ్డా?" అన్నది. కళ్లు తుడుచుకున్నది కూడా. పొగ వల్ల కాదు, ఆమె పొయ్యికి పొగ రాదు.

తెల్లారి సేటు వచ్చాడు. మామ తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. నేనే కాదు, సేటు కూడా నోరు తెరిచాడు. అత్త పరుగున వచ్చి అడ్డం నిలబడ్డది. "పిట్ట కనబడ్డది గదా! నేను చూడలేదా? నా కండ్లు నీకు పనికి రావా?"

"వస్తయి. ఇగ గవ్వే పనికొస్తయి" అన్నాడు మామ. "మాట ఇచ్చిన నాకు కనబడలె. రెండేండ్ల సంది తొవ్వ మసక మసకగ కొడ్తున్నది. చెప్తె బండి ఆపిస్తరని చెప్పలె."

రెండు దసరాలు మేము ఎట్లాంటి డ్రైవరు వెనక కూర్చున్నామో అప్పుడు తెలిసింది. అత్త పక్కకు జరిగి తొవ్వ ఇచ్చింది. సేటు మనిషి బండి నడుపుకుంటూ వెళ్తే మామ సడక్ దాకా దాని వెనక నడిచాడు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. అత్త ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన ఆ రోజంతా ఉత్త కొట్టంలోనే కూర్చున్నాడు. నాకు ఆయన మీద ప్రేమ కలిగింది ఆ రోజే.

ఆ పైసలతో వేసిన బోరులో నీళ్లు పడ్డాయి. నాట్లు పడ్డాయి. నిజామాబాద్ దవాఖానలో మామ కళ్లు చూపిస్తే కంటి నరం ఎండిపోయింది, ఆపరేషన్ లాభం లేదన్నారు. మరుసటి దసరాకు అందరితోపాటు మేమూ నడిచే వెళ్లాం, మామ చెయ్యి అత్త భుజం మీద. ఆ ఏడు ఎంత తిరిగినా పాలపిట్ట కనబడలేదు. చీకటి పడే ముందు అత్త ఒకచోట ఆగి, ఉత్త తుమ్మకొమ్మ వైపు ఆయన గదువ తిప్పి, "అగో, కూసున్నది. మొక్కుకో" అన్నది. ఆయన రెండు చేతులూ ఎత్తి మొక్కుకున్నాడు. అత్త నావైపు చూడలేదు, నేనూ ఆ కొమ్మకే దండం పెట్టుకున్నాను. అబద్ధం మీద బోరెయ్యనన్న మనిషికి ఆ ఒక్క అబద్ధం నేర్పడానికి కాలానికి ఏడాది సరిపోయింది.