సత్యవాణి గారి మారేడుగడ్డ తీగ

వృక్షశాస్త్ర అధ్యాపకురాలిగా విశ్రాంతి పొంది, గురజాల నుంచి మాచర్ల వెళ్లే దారిలో నాపరాతి నేల మీద ఔషధ వృక్షోద్యానాన్ని నిలబెట్టిన సత్యవాణి గారు ఈ నెల మొదట్లో పరమపదించారు. తోటలో మోటారు చూసే కాశింవలి ఉదయాన్నే ఫోన్ చేశాడు. "అన్నా, మేడం పోయారన్నా. నిద్దట్లోనే," అన్నాడు. నరసరావుపేటలో నేను అప్పుడే మా మూలికల దుకాణం తెరుస్తున్నాను. తాళంచెవి చేతిలో పట్టుకుని, తలుపు తీయాలో వేయాలో తోచక అలాగే నిలబడిపోయాను. అంతకుముందు ఆదివారమే ఆమె పొడపత్రి నారు ఎండకు వాడుతోందనీ, గోనెపట్టా కప్పమనీ నాతో చెప్పారు.

పోయినవారి గురించి మంచే రాయాలంటారు. ఆ నియమం ఆమెకు నచ్చేది కాదు. తోటలో ప్రతి మొక్క దగ్గరా ఒక పలక పాతించారు. పైన పేరు, దాని కింద గుణాలు, అన్నిటికన్నా కింద ఎర్ర అక్షరాలతో 'దీనివల్ల తగ్గనివి'. తిప్పతీగ పలక మీద ఎర్ర అక్షరాలే ఎక్కువ. క్రోసూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అది చదివి, "ఏందమ్మా, నీ చెట్టును నువ్వే తిట్టుకుంటున్నావు?" అన్నాడు.

"దీన్ని నమ్ముకుని నువ్వు షుగరు బిళ్లలు మానేస్తే, మీ ఇంట్లోవాళ్లు నన్ను తిడతారు బాబాయ్."

"మానేసి చానా రోజులైందే," అన్నాడాయన నెమ్మదిగా. ఆమె ఆయన్ను అక్కడికక్కడే ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపారు.

నాకు ఆమె పరిచయమైంది మా దుకాణంలోనే. నేను పదో తరగతితో బడి మానినవాణ్ణి. లెక్కలు మాత్రం గల్లాపెట్టె ముందు కూర్చుని, దొరికిన పుస్తకమల్లా చదివి నేర్చుకున్నాను. ఒకనాడు ఆమె అశోక బెరడు అడిగి, చేతిలోకి తీసుకుని విరిచి చూసి, "ఇది అశోక కాదు శెట్టీ, నరమామిడి," అన్నారు.

"పాతికేళ్లుగా ఇదే అమ్ముతున్నామమ్మా."

"అయితే పాతికేళ్లుగా నరమామిడే అమ్ముతున్నారు."

కోపం వచ్చింది. ఆ కోపంతోనే తరువాతి ఆదివారం తోటకు వెళ్లాను. రెండు చెట్ల బెరళ్లూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఆ తరువాత నా ఆదివారాలు తోటలోనే గడిచాయి. చెట్ల సంగతి ఆమెది. వేసిన విత్తనాల్లో మొలిచేవి ఎన్ని, మొలిచినవాటిలో మూడో వేసవి దాటేవి ఎన్ని, ఏ మడికి ఎంత నీరు అన్న లెక్కలు నాకు అప్పగించారు. "నీ లెక్క నా ఆశకు కళ్లెం," అనేవారు.

ఆమె ఆశంతా మారేడుగడ్డ మీద ఉండేది. శివుడికి పత్రి పెట్టే మారేడు వేరు. ఇది అడవిలో రాళ్ల సందున పాకే తీగ. వేసవిలో మన బండ్ల మీద అమ్మే నన్నారి షర్బతుకు ఆ సువాసన దీని వేరు గడ్డలదే. గడ్డ కోసం తవ్వితే తీగ చస్తుంది. ఏటా తవ్వుతూ తవ్వుతూ అడవిలో దీన్ని అరుదు చేసేశారు. తోటలో మూడు తల్లితీగలు పెంచి, వాటి విత్తనంతో నారు పోసి, బొల్లాపల్లి మెట్టరైతులకు గట్ల మీద నాటుకోవడానికి ఇస్తామని ఆమె మాట ఇచ్చారు. సొంత గట్టు మీద గడ్డ దొరికితే అడవిలోకి ఎవరూ గునపం తీసుకుపోరని ఆమె వాదన. తల్లితీగల జోలికి పోకుండా ఇంకో నాలుగేళ్లు ఓపిక పడితే ఆ మాట నిలుస్తుందని లెక్క వేసి చెప్పింది నేనే.

వేరు తీసే ముందు సాయంత్రం మొక్కకు పసుపు దారం కట్టి, 'రేపు వస్తాను, సెలవియ్యి' అని చెప్పడం పాత వైద్యుల ఆచారం. సత్యవాణి గారు దాన్ని తోట చట్టం చేశారు. దారం కట్టకుండా ఎవరూ వేరు తవ్వకూడదు. కట్టిన దారాన్ని తెల్లవారేలోగా తోటలో పనిచేసేవారు ఎవరైనా విప్పవచ్చు. విప్పితే ఆ వేరు అడగకూడదు. "మొక్క నోరు లేనిది. దాని తరఫున కాదనడానికి మనిషి ఉండాలి," అనేవారు.

మా అమ్మ మంచం పట్టి అన్నం సయించనప్పుడు, పచ్చి మారేడుగడ్డ ఊరగాయ కావాలని అడిగింది. ఎండు గడ్డలతో పెట్టిస్తే నాలుకకు తగిలించి పక్కన పెట్టేసింది. అన్నిటికన్నా పెద్ద తీగకు నేను దారం కట్టి, ఆ రాత్రి కాశింవలి ఇంట్లో పడుకున్నాను. ఉదయం వెళ్లేసరికి ఆమె తీగ దగ్గర నిలబడి ఉన్నారు. దారం ఆమె చేతిలో ఉంది.

"అమ్మ కోసమా?"

"అవునమ్మా. అదొక్కటే అడుగుతోంది."

"దీన్ని తవ్వితే బొల్లాపల్లి వాళ్లకు ఏమిస్తాం? లెక్క నువ్వు వేసిందే గదా శెట్టీ."

నేను వేసిందే. దారం తీసుకుని బస్సెక్కాను. అమ్మతో జరిగింది జరిగినట్టు చెబితే, "పోన్లేరా, ఎవరి బిడ్డలు వాళ్లకు ముద్దు," అంది. అమ్మ ఉగాది దాకా లేదు. ఆ దుఃఖంలో కూడా సత్యవాణి గారి మీద నాకు గౌరవం పెరిగింది. తన మన చూడని మనిషి ఒకరు మన మధ్య ఉన్నారని నలుగురికీ చెప్పుకున్నాను.

కిందటేడు వానలు వెనకపట్టు పట్టాక, ఆ పెద్ద తీగే వాడిపోయింది. మిగతా రెండూ పచ్చగా ఉన్నాయి. తీగ మొదలు దగ్గర మట్టి కదిపి చూస్తే గడ్డలు లేవు. మా విత్తనంలో సగానికి పైగా ఆ తీగదే.

"పందులు పడ్డట్టున్నాయి శెట్టీ," అన్నారామె.

పంది తవ్విన గుంతను పంది పూడ్చదు. ఆ సందేహం నాకు రాకపోలేదు. ఆమె చెప్పారు కనుక పక్కన పెట్టాను. కార్తీక మాసం ఆదివారాలన్నీ నేనూ కాశింవలీ నాపరాళ్లు మోసి, మిగిలిన రెండు తీగల చుట్టూ గోడ పేర్చాం. నా నడుము అప్పటినుంచి సరిగా లేదు. ఆమె గొడుగు వేసుకుని పక్కన నిలబడి, మజ్జిగ పోసి, "ఇంకో వరుస వేయండి, పందికి బలమెక్కువ," అన్నారు.

పదకొండో రోజున ఆమె తమ్ముడు రాఘవయ్య గారు, పెద్దవారు, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని అక్క గుణగణాలు చెప్పారు. "నిరుడు నేను ఆపరేషనై ముద్ద మింగలేకపోతే, తోటలోంచి పచ్చి మారేడుగడ్డలు పంపింది బాబూ. ఆ ఊరగాయతోనే మళ్లీ మనిషినయ్యాను," అని కళ్లు తుడుచుకున్నారు.

బయటికి వచ్చి కాశింవలిని అడిగాను. వాడు తల వంచుకున్నాడు. "మేడం గునపం నన్నే అడిగారన్నా. నీకు చెప్పొద్దన్నారు."

"మరి నాతో రాళ్లెందుకు మోశావురా?"

"నువ్వొక్కడివే మోస్తావేందన్నా," అన్నాడు.

తమ్ముడి కోసం తవ్వినందుకు నాకు కోపం లేదు. దారం కట్టి ఉంటే నేను విప్పేవాణ్ణి కాదేమో. ఆమె దారం కట్టలేదు. కాదనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు. ఎర్ర అక్షరాలతో నిజం రాయించిన చేత్తోనే మట్టి పూడ్చి, పందుల మీద పెట్టి, నా చేత గోడ కట్టించారు. మా అమ్మను కాదన్న మాట నిన్నటిదాకా నాకు ధర్మంగా తోచింది. ఇవాళ అదేమిటో నాకు తెలియడం లేదు.

నేను సెలవు తీసుకోబోతుంటే రాఘవయ్య గారు చేయి పట్టుకున్నారు. "నోరు మళ్లీ చేదవుతోంది. ఇంకో రెండు గడ్డలు దొరుకుతాయా బాబూ?"

"దొరకవండీ."

"అక్క ఉంటే..."

"అక్కయ్య గారు లేరండీ. నన్నడిగితే ఇంతే."

ఆయన నా ముఖంలోకి చూశారు. "కోపంగా ఉన్నట్టున్నావు. నా మీదా?"

"మీ మీద కాదండీ," అన్నాను. ఆయన చేయి వదిలేశారు.

మిగిలిన రెండు తీగల కాయలు ఈ వారంలో పగులుతాయి. మారేడుగడ్డ విత్తనం నిలవ ఉండదు. రాలిన కొద్దిరోజుల్లోనే మట్టిలో పడాలి. కాయలకు గుడ్డసంచులు కట్టి వచ్చాం. ఇచ్చిన గడువుకు నారు అందదని బొల్లాపల్లి వెళ్లి నేనే చెప్పాలి. ఎందుకని వాళ్లు అడుగుతారు. పందులని మాత్రం చెప్పను.

ఈ రాతినేల మీద ఇన్ని ఓషధులను బతికించి, మాలాంటివారికి వాటిని గుర్తుపట్టడం నేర్పిన ఆ విదుషీమణికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆమె తరువాత ఆ పని ఆమెలా చేయగలవారు నాకు కనబడటం లేదు. మా అమ్మకు ఇవ్వనన్న రోజున చేసింది తప్పా, తమ్ముడికి తవ్విన రోజున చేసింది తప్పా అని అడుగుదామంటే ఆమె లేరు. ఏది చెప్పినా నమ్మేవాణ్ణి. ఏడాది పొడుగునా ప్రతి ఆదివారం ఎదురుగానే ఉన్నాను, ఆమె చెప్పలేదు.