గోడకెక్కిన టీకా

అందరూ సూదులమ్మ అని పిలిచే ఆ నర్సు పసివాళ్లకు టీకా వేస్తున్నప్పుడు కూడా ఎవరినో ఒకరిని తిడుతూనే ఉంటుంది. చెయ్యి మాత్రం పువ్వంత తేలిక. ఆ ఉదయం పై అధికారి ఆరోగ్య కేంద్రానికి టీకాల కొత్త పట్టిక తెచ్చాడు. గర్భిణులకు ఒక టీకా అదనంగా చేర్చారు.

"ముందిది గోడకు అంటించమ్మా, ఫోటో పంపాలి."

అంటించింది. ఎదురుగా కూర్చున్న గర్భిణి అది చదివి, చెయ్యి ముందుకు చాపింది.

"నాకూ వేస్తావా అక్కా?"

ఫ్రిజ్‌లో ఆ మందే లేదు.

"వచ్చే నెల వస్తుందిలే," అన్నాడు అధికారి.

"ఈమెకు ఎనిమిది నిండాయి సార్. కడుపులో బిడ్డ మీ బండి వచ్చేదాకా ఆగుతుందా?"

సూదులమ్మ పట్టికను సర్రున చింపి, ఉండచుట్టి అతని చేతిలో పెట్టింది.

"ఇదిగోండి. నూరి, సూదిలోకి ఎక్కించి, మీరే వేయండి. ఫోటో నేను తీస్తాను."