రాజయ్య అరుగు మీద రెండు సీసాలు

మా పెద్దనాన్న శాంతయ్యకు శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో మలేరియా ఉద్యోగం. జ్వరం వచ్చినవాళ్ల వేలు పొడిచి గాజుపలక మీద నెత్తురు చుక్క తీసుకోవాలి, ఇళ్లలో గోడలకు దోమల మందు కొట్టించాలి. మొదటి పనికి పిల్లలు పారిపోయేవారు, రెండో పనికి పెద్దలు. తన సైకిల్ బెల్లు వింటే చాలు దోమలు హడలిపోతాయని మాత్రం ఆయన నమ్మకం. ఇంట్లో మేమెవరమూ ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు.

తొంభై ఆరులో వానలు పడ్డాక, రాజయ్య అనే వరి రైతు ఆయన్ను గడప దగ్గరే ఆపేశాడు. ఆ ఏడు రాజయ్య కొత్తగా కలుపుమందు వాడాడు. పొలంలో కొట్టొచ్చి, పంపును ఇంటి వెనక నీటిగుంటలో కడిగేవాడు. ఒడ్డున గడ్డంతా మాడిపోయింది.

"గడ్డే సచ్చింది శాంతన్నా, గీ దోమలెంత? మొన్ననే గోడలకు సున్నమేసిన. నీ మందు నాకొద్దు."

రాజయ్య కోడలు జంగమ్మకు ఏడో నెల. ఆమె కోసమైనా ఆ ఇంట్లో మందు కొట్టాలని పెద్దనాన్న పట్టు. బతిమాలినా పని జరగలేదు.

"నీ గుంట నీళ్లల్ల గూడ దోమలు పుడితే?" అన్నాడు చివరికి.

"పుడితే ఇల్లంత కొట్టుకో. గప్పటిదాంక నా గోడ జోలికి రాకు."

రెండు ఖాళీ హార్లిక్స్ సీసాలు వచ్చాయి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఇంకోదాంట్లో గుంట నీళ్లు. పెద్దనాన్న కాలువలో పట్టిన దోమపిల్లల్ని రెండింట్లోనూ వేసి, మూతులకు పలుచని గుడ్డ కట్టి, రాజయ్య అరుగు మీదే పెట్టాడు. రోజూ వెళ్లి చిటికెడు తౌడు చల్లేవాడు. "కన్నబిడ్డలను గూడ గింత మంచిగ సాదలే" అని మా పెద్దమ్మ సరోజమ్మ దెప్పేది.

ఎనిమిదో రోజుకు బోరు నీళ్ల సీసాలో దోమలు లేచాయి. గుంట నీళ్లలో సగం పిల్లలు చచ్చాయి, మిగిలినవి ఎదగలేదు. రాజయ్య మీసం దువ్వాడు. పెద్దనాన్నకు అన్నం సయించలేదు. పన్నెండో రోజు పొద్దున గుంట నీళ్ల సీసా గుడ్డ కింద కూడా నాలుగు దోమలు, మలేరియా దోమల తీరున తోక పైకెత్తి కూర్చున్నాయి.

"చిన్నగున్నా దోమలే!" అని ఆయన వీధంతా వినేలా అరిచాడు. రాజయ్య మందు కొట్టించుకునేందుకు సామాను బయట పెట్టడానికి లోపలికి వెళ్లి, అక్కడి నుంచే కేకేశాడు. మంచం మీద జంగమ్మ దుప్పటి కప్పుకుని వణికిపోతోంది.

"ఎన్నొద్దుల సంది బిడ్డా?" అన్నాడు పెద్దనాన్న.

"నాలుగొద్దులాయె. దినం ఇడిసి దినం వస్తున్నది. కడుపుతోని ఉన్న మనిషికి నీరసముంటది అన్నరు ఇంట్ల."

"మరి నాకు చెప్పద్దా?"

"దినాం వస్తివి, సీసలు చూస్తివి, పోతివి. నన్ను అడిగితివా బాపూ?"

ఏ గడప తొక్కినా జ్వరం ఉందా అని అడగడం ఆయన కొలువులో మొదటి పని. పన్నెండు రోజులూ ఆ ఒక్క ఇంట్లో ఆ మాట మరిచాడు. సిగ్గుతో తలెత్తకుండానే సూది, గాజుపలక తీశాడు. జంగమ్మే వేలు చాపింది.

మాత్రలతో జ్వరం దిగింది, తల్లీ బిడ్డా దక్కారు. ఉడుతను చూసినా ఊరంతా చెప్పే మా పెద్దనాన్న ఆ పందెం గెలిచిన సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాకు రాజయ్య చెప్పాడు.