కుడివైపు చూసే కొంగ

మా చర్చి గోడమీద టాన్‌రీట్ దొరల చావు డాళ్ళు వరసగా ఉంటాయి. ఆ ఇంట్లో మగవాడు పోయినప్పుడల్లా గుండ్రటి చెక్కమీద వంశచిహ్నం వేయించి తగిలించేవారు. నీలం రంగు మీద తెల్ల కొంగ. కొంగలన్నీ ఎడమవైపే చూస్తాయి. చిట్టచివరిది మాత్రం కుడివైపు చూస్తుంది. ఆ పక్కన ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు.

అది వేసింది నేనే. అందుకు ఊరు నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించింది. బీరు దుకాణంలో అడుగుపెడితే చాలు, "ఏరా లోరెంజూ, నీ కొంగ దారి తప్పిందా?" అనేవారు. దొరగారే అలా వెయ్యమన్నారురా అని మొత్తుకున్నాను. చచ్చినవాడి మీదకి నెట్టేస్తున్నాడన్నారు. ఒక్క సెంజక్క మాత్రం నా మాట కొట్టిపారెయ్యలేదు. అలాగని నమ్మానని కూడా అనలేదు.

ఆవిడ అసలు పేరు క్రెస్సెంజ్. పశువుల కాపరి కూతురు. ఇరవై నిండకముందే దొరల వంటింట్లో చేరింది. అప్పట్లో ఆ ఇల్లు నౌకర్లతో కిటకిటలాడేది. తర్వాత యుద్ధం చిన్నదొరల్ని మింగింది, ఆస్తి కరిగింది, నౌకర్లు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి అంత ఇంట్లో ఇద్దరే మిగిలారు, పెళ్ళి చేసుకోని ఎగోల్ఫ్ దొరగారూ, సెంజక్కా. నువ్వూ వెళ్ళిపోవచ్చుగా అంటే, "నేనూ పోతే ఆయనకి సూపెవరు కాస్తారు?" అనేది.

చలికాలం పైన హాలు వెచ్చబెట్టడానికి బొగ్గు ఉండేది కాదు. దొరగారు వంటింట్లోకి దిగేవారు. పొడుగాటి బల్లకి ఆ చివర ఆయన పేపరు చదువుకుంటూ, ఈ చివర ఆవిడ బంగాళాదుంపలు ఒలుస్తూ. "సూప్ బావుంది, మీకు కృతజ్ఞతలు" అనేవారాయన. వంటమనిషిని మీరు అనడం మర్యాదే. సగం జీవితం ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాక కూడా మీరు అంటే అది గోడ. ఆయన పోయేదాకా అలాగే అన్నారు.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ పొయ్యే వెలగలేదు, పొగ మాత్రం ఊరంతా కమ్మింది. కమ్మరి క్సావర్ ఆవిణ్ణి చేసుకోవాలనుకున్నాడు. "దొర ఎంగిలి మనకెందుకురా" అని వాళ్ళమ్మ చర్చి మెట్ల మీదే అంది. ఆ మాట సెంజక్క విన్నది. క్సావర్ పక్క ఊరి పిల్లని చేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

దొరగారు పోయేముందు శరదృతువులో బొమ్మ గీసిన కాగితం పట్టుకుని నా కొట్టుకి వచ్చారు.

"కొంగ అటు తిరిగి ఉందండీ" అన్నాను.

"తెలుసు. అలాగే వెయ్యండి. నాకు కుడిపక్కన ఒక డాలు పట్టేంత చోటు వదలండి."

"ఎవరి కోసమండీ?"

ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయారు.

వంశంలో ఆఖరివాడు గనక సమాధి దగ్గర చెక్క డాలొకటి విరగ్గొట్టి, "నేటిదాకా టాన్‌రీట్, ఇక లేదు" అన్నారు. ఎక్కడెక్కడి చుట్టాలో ముందు నిలబడ్డారు. సెంజక్క శ్మశానం గేటు దగ్గర నిలబడింది. బతికినన్నాళ్ళు ఉండమని దొరగారు ఆవిడకి తన ఇంటి గేటు పక్క గది రాసిచ్చారు. మాట మాత్రం ఒక్కటీ మిగల్చలేదు. ఒకరోజు ఆవిడే నన్నడిగింది.

"నీ కొట్టుకొచ్చినప్పుడు నా గురించి ఏమన్నా అన్నార్రా?"

"లేదక్కా."

"ఊరికే అడిగాన్లే" అంది. ఊరికే కాదని నాకు తెలుసు. తను దొరగారికి ఏమన్నా అవుతుందా, కాదా? ఆవిడకి కావలసింది ఆ ఒక్క జవాబే.

గోడ చెమ్మ పట్టిందని మొన్నీమధ్య పాత కట్టడాల ఆఫీసు నుంచి హైడ్రున్ అనే ఆవిడ వచ్చింది. నేను నిచ్చెన మీదున్నాను, ఫాదర్ కింద పట్టుకున్నారు. సెంజక్క కాస్త అవతల కొవ్వొత్తి మైనం గీకుతోంది.

"ఈ చివరిది పెయింటర్ పొరపాటు" అంది హైడ్రున్. "పక్కన భార్య డాలు ఉంటేనే కొంగ ఇటు తిరుగుతుంది. పెళ్ళానికి వీపు చూపించకూడదు కదా, అదీ మర్యాద. నేలలో పరిచిన ఆ సమాధి రాయి చూడండి, దంపతులది." చూశాం. రాతి కొంగ భార్య డాలు వైపు తిరిగి ఉంది. ఎన్నిసార్లు తొక్కుకుంటూ పోయామో ఆ రాయిని. "ఈయన బ్రహ్మచారి. సరిచేసేద్దాం."

దొరగారే వేయించారంటే ఊరి పుకారుకి ముద్ర పడుతుంది. నా తప్పేనంటే కొంగ వెనక్కి తిరుగుతుంది. సెంజక్క చేతిలో చాకు ఆగిపోయింది.

"ఏం లోరెంజ్, పొరపాటేనా?" ఫాదర్ అడిగారు.

"పొరపాటు కాదు" అంది సెంజక్క. "ఆయనే వేయించుకున్నారు. ఆ ఖాళీ నాది."

ఫాదర్ గొంతు తగ్గించారు. "అమ్మా, ఈ మాట బయటికి పోతే..."

"ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికే అన్నారు ఫాదర్. ఇప్పుడు కాస్త కారణం దొరికింది, అననివ్వండి."

హైడ్రున్ కాగితం మీద రాసుకున్నది కొట్టేసింది.

గది దాకా నేనే దిగబెట్టాను. సగం దారిలో ఆవిడ ప్రహరీ పట్టుకుని ఆగిపోయింది. సంతోషపడుతుందనుకున్నాను నేను, బుద్ధిలేనివాణ్ణి.

"ఒకే బల్లరా లోరెంజూ. ఆ చివర ఆయన, ఈ చివర నేను. సెంజీ, ఇలా వచ్చి కూర్చో అంటే చాలదట్రా? ఇంత మాటా చెక్కకి చెప్పాడు. నాకు చెప్పలేదు."

ముసలావిడ చిన్నపిల్లలా ఏడ్చింది. నాకు ఓదార్చడం చేతకాక పక్కన నిలబడ్డాను.

ఆ ఆదివారం ఆవిడ వెనక నౌకర్ల బెంచీ వదిలి ముందుకొచ్చింది. ఖాళీ గోడ కింద, ఎవరూ కూర్చోని చోట ఒక్కతే కూర్చుంది. బీరు దుకాణంలో నా కొంగ మాట పోయి ఆవిడ మాట మొదలైంది.

"అక్కడ కిటికీ గాలి కొడుతుందక్కా. పైగా నీ వీపు కొంగవైపు ఉంటుంది, నీకేం కనబడుతుంది?" అన్నాను.

శాలువా బిగించుకుంది. "నేను చూసినన్నాళ్ళు చాలు. ఇకనుంచి ఆయన్ని చూడనీ."