మూడు కార్లకు ఒక్క పేరు

కుమాసీ పట్నంలో అసాఫో బజారు మీదుగా పనికి వెళ్లేవాళ్లకు దుఫీ చేతి వాచే తినందే తెల్లవారదు. అలసందలూ బియ్యమూ కలిపి ఎర్రగా ఉడికించి, ఆకులో పెట్టి, పైన నల్లటి కారం ఓ గరిటె వేసి ఇస్తుంది. ఆ గంగాళం మీద సంపాదించిన డబ్బుతోనే మూడు టాక్సీలు కొన్నది. బజారంతా ఆమెను టాక్సీల దుఫీ అని పిలుస్తుంది. తీరా చూస్తే మొన్నమొన్నటిదాకా ఆ మూడింటిలో ఒక్కటీ ఆమె పేరు మీద లేదు. వింటే నవ్వొస్తుంది గానీ, అలా కావడానికి కారణముంది.

మొట్టమొదటి కారును తన పేరు మీదే రాయించుకుంది. బీమా కూడా కట్టింది. అయితే అందరూ కట్టే చవక రకం కట్టింది. అద్దానికి చీటీ అంటించి ఉంటే పోలీసు ఆపడు కదా, అంతకన్నా ఏం కావాలనుకుంది. ఏడాది తిరక్కుండానే ఆ కారు వెళ్లి టమాటాల లారీని గుద్దింది. డ్రైవరు దెబ్బల్లేకుండా బయటపడ్డాడు. బీమావాళ్లు వచ్చి లారీని బాగుచేయించారు, చితికిన టమాటాల ఖరీదు కూడా ఇచ్చారు. "మరి నా కారో?" అని దుఫీ అడిగితే, "ఈ బీమా ఎదుటివాడి నష్టానికేనమ్మా, మీ నష్టానికి కాదు" అన్నారు. చేసేదిలేక ఆ తుక్కును కార్లు బాగుచేసే సువామే షెడ్ల వీధికి లాగించుకుపోయి, పాత ఇనుము కొనే అలహాజీ ఇద్రీసుకు తూకానికి అమ్మేసింది. ఇంటిదాకా ఏడుస్తూనే నడిచింది.

ఇంట్లోనైనా ఓదార్పు దొరికిందా అంటే అదీ లేదు. "నీ పేరు ఇనుముకు అచ్చిరాదే పిల్లా" అని తేల్చేశాడు మేనమామ ఒదురో. ఆ ప్రాంతంలో మేనమామను వోఫా అంటారు, ఆయన నోరు తెరిస్తే ఇంటికి అదే చట్టం. అందుకని తర్వాత కొన్న మూడిటిలో ఒకటి చెల్లెలి పేరు మీద, ఒకటి తమ్ముడి పేరు మీద రాయించింది. అన్నిటికన్నా కొత్తది, తళతళలాడేది, మామయ్య పేరు మీదకు పోయింది. డబ్బూ దిగులూ ఆమెవి, పేర్లు మాత్రం వాళ్లవి.

ఆ ఏడు వానలకు ముందు మూడు కార్ల బీమాలూ ఒకేసారి గడువుకొచ్చాయి. వాన పడిందంటే కుమాసీ మురిక్కాలవలు రోడ్డును కూడా తమలో కలిపేసుకుంటాయి. ఈసారి ఒక్క కారు పోయినా మళ్లీ కొనే ఓపిక తన ఒంట్లో లేదని దుఫీకి తెలుసు. అందుకే వీధి పక్కన గొడుగు కింద చవక బీమా చీటీలమ్మేవాణ్ణి పలకరించకుండా దాటేసి, తిన్నగా బీమా ఆఫీసు మెట్లెక్కింది. లోపల మేవిస్ అనే అమ్మాయి కూర్చుని ఉంది, రోజూ వాచే కొనుక్కునే పిల్లే.

"మూడు రకాలున్నాయక్కా," అంది మేవిస్. "ఎదుటివాడి నష్టానికి మాత్రమే అయితే చవక. దానికి మంటలూ దొంగతనమూ కలిపితే మధ్యరకం. నీ కారుకు ఏమైనా మేమే చూసుకోవాలంటే పూర్తి బీమా. అది బరువే."

"మూడిటికీ బరువుదే కడితే?"

మేవిస్ లెక్కవేసి కాగితాన్ని ఇటు తిప్పింది. దుఫీ చూసి దాన్ని మళ్లీ అటే తిప్పేసింది.

"పోనీ కొత్తదానికి పూర్తిది కట్టి, పాతవాటికి చవకది కట్టు. చాలామంది అలాగే చేస్తారు."

"ఏది కొత్తదో ఏది పాతదో మురిక్కాలవకు తెలుస్తుందా తల్లీ?"

మేవిస్ పకపకా నవ్వింది. "అయితే ఇంకో దారుంది. మూడిటినీ ఒకే పూర్తి బీమా కింద పెట్టు. మొత్తంలో ఐదో వంతు తగ్గుతుంది. దెబ్బ తగిలితే మొదట కొంత నువ్వే పెట్టుకోవాలి, మిగతాది మేం పెడతాం. ఒక కారుకు పరిహారం తీసుకుంటే వచ్చే ఏడు మూడిటికీ రేటు పెరగొచ్చు. తర్వాత నన్ను తిట్టకుండా అదీ ముందే చెబుతున్నా."

"సరే, పెట్టెయ్."

"పెడతా గానీ, మూడూ ఒకే మనిషివై ఉండాలి. ఇవేమో ముగ్గురివి. ఇందులో నీ పేరెక్కడక్కా?"

ఆ మాట దుఫీకి చురుక్కుమంది. లేచి, కార్లను తన పేరుకు మార్చే కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చింది.

చెల్లెలు "కారు నీదే కదక్కా" అంటూ సంతకం పెట్టింది. తమ్ముడు ఓ పూట గొణిగి, రెండాకుల వాచే లాగించి, తనూ పెట్టాడు. చిక్కంతా మామయ్య దగ్గరే వచ్చింది.

శనివారం వస్తే ఊళ్లో ఎవరిదో ఒకరి పెద్దకర్మ ఉంటుంది, ఒదురో మామయ్య వెళ్లని పెద్దకర్మ ఉండదు. నల్లవస్త్రం భుజాన వేసుకుని ఆ కొత్త కారులోంచి దిగేవాడు. టాక్సీ అని తెలియడానికి నాలుగు మూలలా పసుపు రంగు ఉంటుంది కదా, ఒక మూలను తన వస్త్రంతో కప్పేసి నిలబడి, "నా కారు" అని పదిమందికీ చెప్పేవాడు. మిగతా మూడు మూలలూ అందరికీ కనబడుతూనే ఉండేవి. పెద్దాయన కదా అని ఎవరూ నోరు మెదిపేవారు కాదు.

"మామయ్యా, కారు కాగితాల మీద సంతకం కావాలి," అంది దుఫీ ఆయన అరుగు మీద కూర్చుంటూ.

"ఎందుకే? నీ పేరు మీద పెట్టుకుని దీన్నీ తుక్కు చేద్దామనా?"

"అది తుక్కయింది నా పేరు వల్ల కాదు మామయ్యా, చవక బీమా వల్ల."

"ఓహో! వాచే వండుకునేదానివి, నాకు పాఠాలు చెప్పేదాకా వచ్చావా? వచ్చే శనివారం నలుగురూ అడిగితే నేనేం చెప్పుకోవాలి? మేనకోడలు నా కారు లాక్కుందని చెప్పనా?"

దుఫీకి అప్పుడు అర్థమైంది. ఈయనకు కావలసింది కారు కాదు, నలుగురిలో పరువు. అరుగు ముందునుంచి టాక్సీలు పోతున్నాయి. ఒక్కోదాని వెనకద్దం మీద ఒక్కో రాత: ఒకడిది దేవుడికి దండం, ఇంకొకడిది పక్కింటివాడికి చురక. ఏదో ఒకటి రాయించకుండా ఆ ఊళ్లో ఎవరూ కారును రోడ్డెక్కించరు.

"మామయ్యా, కాగితం మీది పేరు ఎవరు చదువుతారు?"

"ఎవరు చదువుతారు? పోలీసోడు."

"మరి వెనకద్దం మీది పేరో?"

ముసలాయన అప్పుడే పోతున్న ఓ టాక్సీ వెనకద్దం వైపు మెడ సాచాడు.

"అద్దం పొడుగునా 'వోఫా ఒదురో' అని రాయిస్తా. మేనమామంటే ఇట్టా ఉండాలని ఊరంతా అనుకుంటుంది. కాగితం మాత్రం నాకివ్వు."

"ఏ రంగు?" అన్నాడు మామయ్య.

"ఎర్రది. చుట్టూ బంగారు గీత."

"గీత మందంగా ఉండాలి," అని సంతకం పెట్టాడు.

మర్నాడు మేవిస్ యజమాని పేరు అడిగితే, "దుఫీ. మూడిటికీ దుఫీయే," అని ఆఫీసంతా వినబడేట్టు చెప్పింది. అంత సంతోషం ఆమెకు కార్లు కొన్నరోజున కూడా కలగలేదు.

వానలు మొదలైన వారానికే అనుకున్నంతా అయింది. ఎదురుగా వచ్చే బస్సును తప్పించబోయి కొత్త కారు మురిక్కాలవలోకి దిగబడింది. ముక్కు నీళ్లలో, తోక పైకి. డ్రైవరు వెనక తలుపులోంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. వెనకద్దం మాత్రం రోడ్డు వైపే తిరిగి ఉండటంతో, 'వోఫా ఒదురో'ను ఊరంతా తీరిగ్గా చదువుకుంది. "మామయ్య కాలవలో పడ్డాడహో!" అని బడిపిల్లలు అరిచారు.

మామయ్య రొప్పుతూ వచ్చాడు. "చెప్పానా! నీ పేరు అచ్చిరాదని చెప్పానా!"

"పడింది కారు మామయ్యా, నేను కాదు," అని దుఫీ మేవిస్‌కు ఫోన్ చేసింది.

బీమా మనిషి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. తర్వాత కాగితాలు ఈ బల్ల నుంచి ఆ బల్లకు తిరిగాయి. ఆలస్యమైనప్పుడల్లా దుఫీ గంగాళం చెల్లెలికి అప్పజెప్పి ఆఫీసుకెళ్లి కూర్చునేది. ఆమె పెట్టుకోవలసిన కొంతా ఆమె పెట్టుకుంది. మిగిలినదంతా బీమావాళ్లే షెడ్డుకు కట్టారు.

కారు తెచ్చుకోవడానికి సువామే వెళ్లిన రోజు శనివారం. పెద్దకర్మకు పోవాలని మామయ్య కూడా నల్లవస్త్రం కట్టుకుని వెంట వచ్చాడు. దారిలో ఇనుము కొట్టు ముందు ఇద్రీసు ఆమెను గుర్తుపట్టి తక్కెడ సర్దుకున్నాడు.

"ఏమ్మా, ఇంకోటి తెచ్చావా? ఈసారి మంచి రేటిస్తాలే."

"ఈసారి ఇవ్వడానికి రాలేదు అలహాజీ. తీసుకుపోవడానికొచ్చా."

ఆ మాట అంటుండగానే ఎదురు షెడ్డులోంచి కారు బయటికొచ్చింది. కొత్త ముక్కు, కొత్త దీపాలు, ఆరీ ఆరని పసుపు రంగు. ఇద్రీసు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వెనకద్దం దగ్గర ఆగాడు.

"ఈ వోఫా ఒదురో ఎవరో గానీ అదృష్టవంతుడు. కారు ఆయనదేనా?"

మామయ్య గొంతు సవరించుకున్నాడు. వినీ వినీ అలవాటైన జవాబే కదా అని దుఫీ తల తిప్పేసుకుంది.

"కాదయ్యా," అన్నాడాయన. "అద్దం మీది పేరు నాది. కారు మా దుఫీది. ఇట్టాంటివి దానికి మూడున్నాయి."

దుఫీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి తుడుచుకోవాలనిపించలేదు. ఆ మధ్యాహ్నం పెద్దకర్మ దగ్గర కూడా మామయ్య అదే మాట పదిమందికీ చెప్పాడు, పసుపు మూలకు వస్త్రం అడ్డం పెట్టకుండానే.