మేడమ్ ఇంట్లో కేక

నీలగిరి ఆకులు మరిగే గిన్నె మీద తల వంచగానే మదనపల్లెలో మా వీధి చివరి ఇల్లు గుర్తొచ్చింది. వేల్స్ నుంచి వచ్చిన పాటల మేడమ్ అందులో ఉండేవారు. ఒకప్పుడు పెద్ద పెద్ద హాళ్లలో పాడారట. అప్పటికి మా బడి పిల్లలకు నేర్పేవారు.

ఒక సాయంత్రం పాలు ఇవ్వడానికి వెళ్తే, మూసిన తలుపు వెనక కేక వినబడింది. సగంలో తెగిపోయింది. మళ్లీ అదే కేక. గొర్రెల దొడ్లో పాము దూరితేనే మా ఇళ్లలో అలా అరుస్తారు. చెంబు అక్కడే వదిలేసి పరిగెత్తాను.

"నాయనా, మేడమ్‌ను పాము కరిసినట్టుండాది!"

నాయన కట్టె పట్టుకొని ఉరికి, తలుపు బాదాడు. "అమ్మా, కదలొద్దు! యాడుండాది పాము?"

మేడమ్ తలుపు తీశారు. వెనక బల్ల మీద ఆవిరి గిన్నె ఉంది. ఆవిరికేమో, కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పాము లేదప్పా. పాడతాండా," అన్నారు, మా యాసలోనే.

నాయన కట్టెను వెనక్కి దాచుకున్నాడు. దారి పొడుగునా నన్ను తిట్టాడు.

ఇప్పుడు నేనూ పాట నేర్పుతున్నాను. జ్వరం తగ్గాక నిన్న పై స్వరం అందుకోబోతే గొంతు సగంలో తెగింది. మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ తెగింది.

పాడతాండానన్నారు గానీ, ఆ రోజు నేను విన్నది కేకే.