గొంతు దగ్గర ఆగిన ఎరుపు

కొత్త పుస్తకం వాసనంటే నాకిష్టమే గాని, మొన్న మనవరాలు తెచ్చిన పక్షుల పుస్తకం తెరవగానే ఒళ్లు మండింది. ఒకే పేజీలో పక్కపక్కనే రెండు ఈగపట్టు పిట్టలు, రెండూ పిడికిట్లో ఇమిడేంత, రెండూ చలికాలంలో వచ్చిపోయేవే. ఒకదానికి నారింజ ఎరుపు గొంతు నుంచి రొమ్ము దాకా దిగింది, రెండోదానికి గొంతు దగ్గరే ఆగి, కింద బూడిదరంగు పట్టీ ఉంది. ఒకప్పుడు రెండూ ఒకే జాతి అనుకునేవారట, ఇప్పుడు వేరు చేశారట. ఆ మాటేదో అరవై ఏళ్ల కిందటే చెప్పి ఉండకూడదూ!

మాది వికారాబాదు. ఏటా హోలీకి, అదే కాముని పున్నమికి, ప్యాసింజరు బండెక్కి, బొగ్గు నుసి పడ్డ కళ్లు నలుపుకుంటూ తాండూరులో మేనమామ ఇంటికి పోయేవాళ్లం. అత్త రంగు కోసం కాగులో ఉడికించే మోదుగ పూల పచ్చి వాసన, పోలెల మీది నెయ్యి వాసన కలిసి, బండలు పరిచిన వాకిలంతా నిండేవి. అక్కడే నేనూ మామ బిడ్డ కమలా పొద్దుగూకేదాకా కచ్చకాయలు ఆడేవాళ్లం. ఒక ఏడు కమల, వాళ్ల వేపచెట్టు మీద వాలే పిట్టను బండ మీద బొగ్గుతో గీసి, మోదుగ రంగు గొంతు వరకే పూసింది.

"రొమ్ముదంక ఉంటది. మా అనంతగిరి కాడ నేను మస్తు సార్లు చూసిన" అన్నాను.

"మా చెట్టు మీది పిట్ట నాకెర్క లేదా?" అంది కమల.

అరచేయి రంగులో ముంచి ఆ బొమ్మ రొమ్మంతా పులిమేశాను. సగం కమల కొత్త పావడా మీద పడింది. తగవు తీర్చమంటే మామ రొట్టె తుంచుకుంటూ, "రెండొక్కటే గదనే, ఒకదానికి రంగు జర ఎక్కువ వడ్డది" అన్నాడు. పెద్దవాళ్లతో ఇదే తంటా, తెలియదని చచ్చినా అనరు. కమల నాకు కటీఫ్ చెప్పింది.

మర్నాడు పొద్దున, బండి వేళకు ముందు, ఆ వేపచెట్టు కిందికి పోయాను. పిట్ట గాల్లో ఈగను పట్టి, కొమ్మ మీదికి తిరిగొచ్చి తోక ఎగరేసింది. ఎరుపు గొంతు వరకే ఉంది. ఒక్క మాట చెబితే దోస్తీ మళ్లీ కలిసేది. చెప్పలేదు. ఆ తర్వాత కమల నాతో ఆడలేదు. పెళ్లిళ్లలో కలిస్తే బాగున్నవా అంటే బాగున్న, అంతే.

పుస్తకం మూసి కమలకు ఫోన్ చేశాను. "మన పిట్టలు వేరువేరేనట. నువ్వన్నదే నిజం" అన్నాను. వేపచెట్టు కొట్టేశారని, వాకిట్లో బండలు పీకి సిమెంటు పోశారని, ఇప్పుడు హోలీకి పొట్లాల రంగులేనని చెప్పుకొచ్చి, కమల అసలు మాటకొచ్చింది.

"నువ్వు గప్పుడే చూసినవ్ గద. చెట్టు కాడ నీ ఎనకనే నిలవడ్డ. చెప్తవేమోనని బండి కదిలేదంక చూసిన."

"మరి నువ్వన్న అడగొద్దా?"

"నేనెందుకడుగుత?"

మొండిది! అంతకన్నా మొండిదాన్ని నేను. ఒక్క మాట దగ్గర నోరు మూసుకుని ఇద్దరం ముసలివాళ్లమయ్యాం.